కోటు కింద పీలిక

నా భార్య సుబ్బరత్నం ఆఖరి చూపు నాకు దక్కకుండా చేసినవాడు ఆమె తమ్ముడు వెంకటకృష్ణారావు. ఇందులో వాదన లేదు. అప్పట్లో ఇద్దరం ఒకే పోలీసు స్టేషనులో ఉండేవాళ్ళం. నేను హెడ్డు కానిస్టేబుల్ని, అతను రైటరు. ఆమెకి సన్నిపాత జ్వరమని కబురు తెచ్చిన పాలేరుని స్టేషను పెరట్లో కూర్చోబెట్టి, నాతో మాట కూడా చెప్పకుండా నన్ను దొంగల మీదికి పంపించాడు. దొంగలు దొరికారు. నేను ఊరు చేరేసరికి చితి ఆరిపోయింది. ఆ కేసు చలవతో అతను సబిన్స్పెక్టరు అయ్యాడు. నేను ఉద్యోగం వదిలేసి బెజవాడలో ఒక గది అద్దెకి తీసుకుని, జనం పోగొట్టుకున్నవి వెతికిపెట్టి బతుకుతున్నాను.

అందుకే ఆ బుధవారం పొద్దున కొల్లేటి గట్టు మీద బండి దిగి, టార్పాలిన్ కప్పిన శవం పక్కన టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి నేను నమస్కారం పెట్టలేదు.

“రా బావా,” అన్నాడు.

“ఇక్కడ నీకు బావ ఎవరూ లేరు. నా పేరు బసవపున్నయ్య.”

“సరే, బసవపున్నయ్య గారూ. బెజవాడ నుంచి అనవసరంగా వచ్చారు. మనిషి దొరికాడు. చంపినవాడూ దొరికాడు.”

“దొరకవలసినవాళ్ళేనా?”

అతను నవ్వాడు. ఆ నవ్వు వాళ్ళక్కది. నేను అటు చూడలేదు.

నన్ను పిలిపించింది బాలత్రిపురసుందరి. ఆమె భర్త మల్లేశ్వరరావుకి బెజవాడ శివాలయం వీధిలో చేనేత బట్టల షాపు ఉంది. కార్తీక మాసంలో తోటకి వెళ్ళి ఉసిరి చెట్టు కింద అన్నం తిని సాయంత్రానికి ఇల్లు చేరుకోవడం పూర్వం వనభోజనం. యుద్ధం ముగిసి మిలిటరీ గుడారాలు వేలానికి వచ్చాక ఊళ్ళో కొత్త సరదా పుట్టింది. చెరువు గట్టునో ఏటి ఒడ్డునో గుడారాలు వేసుకుని వారం పది రోజులు ఉండి రావడం. మల్లేశ్వరరావు మూడు గుడారాలు కొని, తల్లినీ, భార్యనీ, పినతండ్రి కొడుకు కోటిలింగాన్నీ, షాపు గుమాస్తానీ వెంటబెట్టుకుని కైకలూరు దగ్గర కొల్లేటి గట్టుకి వచ్చాడు. గట్టు మీద ఉసిరి చెట్టు లేదు. బెజవాడ నుంచి ఒక ఉసిరి కొమ్మ కోసుకొచ్చి గుడారాల మధ్య పాతారు. నేను వెళ్ళేసరికి గాలివానకి అది వాలిపోయి ఉంది.

సోమవారం పొద్దున మల్లేశ్వరరావు ఒక్కడే తాటిదోనె వేసుకుని పక్షుల్ని చూడటానికి కొల్లేట్లోకి వెళ్ళాడు. కాసేపటికే గాలి లేచింది. మంగళవారం రాత్రి దాకా తగ్గలేదు. అతను తిరిగి రాలేదు. సుందరి సోమవారమే మనిషిని రైలు స్టేషనుకి పంపి నాకు తంతి కొట్టించింది. దారిలో పట్టాల మీదికి నీళ్ళొచ్చి నా రైలు ఒక పగలూ ఒక రాత్రీ నిలిచిపోయింది. బుధవారం తెల్లవారుజామున కిక్కిస గడ్డిలో శవం తేలింది. ఒంటి మీద మల్లేశ్వరరావు కోటు ఉంది. మొహాన్ని చేపలు మిగల్చలేదు.

నడిమి గుడారంలో సుందరి బొట్టు చెరిపేసుకోకుండా, చెరిపెయ్యనివ్వకుండా కూర్చుంది. పాతికేళ్ళ లోపు పిల్ల. పక్కన అత్తగారు వెంకటరావమ్మ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

“మీరైనా చెప్పండి,” అంది సుందరి నన్ను చూడగానే. “మనిషిని నాకు చూపించరట. చూపించకుండా నేను గాజులు పగలగొట్టుకోవాలట. ఇదెక్కడి న్యాయమండీ?”

“చూసి తట్టుకోలేవే అమ్మాయ్,” అంది అత్తగారు.

“తట్టుకోలేకపోతే చస్తాను. ముందు చూడనివ్వండి.”

“వద్దమ్మా, నేను చూశాగా.” ఆ మాట అన్నది గుడారం గుమ్మంలో నిలబడ్డ కోటిలింగం. నలభై దగ్గర పడ్డ మనిషి. జలతారు కండువా, కళ్ళకింద నిద్రలేని నలుపు. “ఆ ఉన్ని కోటు నేను దగ్గరుండి కుట్టించింది. తమ్ముడి కోటు నాకు తెలీదా? మధ్యాహ్నం డాక్టరు వస్తున్నాడు, ఇక్కడే కోసి చూస్తాడు. ఆ తర్వాత ఇక్కడే దహనం. ఊరికి తీసుకెళ్ళే స్థితిలో లేదు. పెద్దమ్మా, నువ్వైనా నచ్చజెప్పు.”

అంటే నాకు మధ్యాహ్నం దాకా టైముంది. ఆ తర్వాత ఆ శవం బూడిదవుతుంది, ఈ పిల్ల విధవ అవుతుంది. బూడిదని ఎవరూ ప్రశ్నలడగలేరు. నాకు తెలుసు.

కోటిలింగాన్ని బయట పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాను.

“సోమవారం పొద్దున ఎవరెవరున్నారు ఇక్కడ?”

“తమ్ముడు, మరదలు, పెద్దమ్మ, నేను. వంటవాడు ఆదివారమే జ్వరమని వెళ్ళిపోయాడు.”

“గుమాస్తా?”

“ఆదిశేషయ్యా? సోమవారం పొద్దున్నే బెజవాడ వెళ్ళిపోయాడండీ. షాపు తియ్యాలి కదా. నేనే మరచెంబు చేతికిచ్చి బండెక్కించాను. వాడు మరచెంబు లేనిదే కదలడు. మహా ఆచారం. రైల్లో ఇంకొకళ్ళ నీళ్ళు ముట్టడు.”

“ఎవరి బండి?”

“దారిన పోయే బండి. పేరడగలేదు.”

“తమ్ముడు వెళ్ళాక ఎక్కాడా, ముందా?”

“వెళ్ళాక. తమ్ముడు తెల్లారగానే వెళ్ళాడు. ఆ పడవవాడు, పుల్లయ్య అని, నా దోనె అడక్కుండా తీసుకెళ్తావా అని గట్టు మీద నుంచి నానా మాటలూ తిట్టాడు. అందరం విన్నాం. నీ అంతు చూస్తానన్నాడు కూడా.”

“దోనె అతనిది, తీసుకెళ్ళింది మీ తమ్ముడు. తిట్టడా మరి?”

కోటిలింగం కండువా సర్దుకున్నాడు. “మీరు మా తరపున వచ్చారా, వాడి తరపునా?”

“నేను ఎవరి తరపునా రాను,” అన్నాను. పొయ్యి పక్కన పేలిన తూటా డొల్ల ఒకటి కనిపించింది. “తుపాకీ ఎవరిది?”

“నాదే. పిట్టల కోసం తెచ్చాను. గుడారంలో ఉంది. లైసెన్సుంది.” అడగనిదానికి కూడా జవాబు చెప్పాడు. ఆ అలవాటు నిజం చెప్పేవాళ్ళకీ ఉంటుంది. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి.

శవం దగ్గరికి వెళ్ళాను. వెంకటకృష్ణారావు అడ్డం నిలబడ్డాడు.

“శవపంచాయితీ అయిపోయింది. నలుగురు పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. మీరు పోలీసు కాదు.”

“నలుగురూ ముక్కు మూసుకుని పెట్టిన సంతకాలేగా. ఏం చూశారు?”

అతను పక్కకి జరిగాడు. పనిలో అతను చేతకానివాడు కాదు. చేతకానివాడైతే నా కోపం ఇంత కాలం ఉండేది కాదు.

“తలకి వెనక దెబ్బ,” అన్నాడు. “నీళ్ళలో పడ్డాక తగిలింది కాదు. ఊపిరితిత్తుల్లో నీళ్ళుంటే నోట్లోంచి నురగ రావాలి, రాలేదు. ఒడ్డున కొట్టి చంపి నీళ్ళలో తోశారు. పుల్లయ్య చేతిలో దోనె తోసే గెడ ఉంది. పోట్లాట ఉంది. దోనె తిరిగొచ్చాక కాపు కాసి కొట్టి, దోనెని గాలికి వదిలేశాడు. ఇంకోటి. మల్లేశ్వరరావుకి వెండి మొలతాడు ఉంది. పెళ్ళికి మామగారు పెట్టింది, స్నానానికి కూడా తియ్యడని వాళ్ళమ్మ చెప్పింది. నడుము తడిమి చూశాం, లేదు. పుల్లయ్య కోసుకున్నాడు. ఎక్కడ దాచాడో సాయంత్రానికి చెప్తాడు.”

“తన్నారా?”

“అడిగాం.”

“నడుము తడిమావు సరే. పంచె విప్పి చూశావా?”

“చచ్చినవాడి పంచె విప్పి చూసేదేముంది? పెద్దమనుషులు వద్దన్నారు.”

నేను మోకాళ్ళ మీద కూర్చుని ముక్కుకి కండువా చుట్టుకున్నాను. కానిస్టేబులు అబ్రహాము టార్పాలిన్ తీశాడు. కుర్రవాడు, కొత్తగా చేరినట్టున్నాడు, మొహం తిప్పుకున్నాడు. కోటు గుండీలు విప్పాను. పంచె కుచ్చిళ్ళు వదులు చేశాను. లోపల గోచీ ఉంది. ముందూ వెనకా సరిగ్గా దోపి ఉంది.

దోపి ఉన్నది మొలతాడులో కాదు. నడుము చుట్టూ కట్టిన గుడ్డపీలికలో. పాత పంచె అంచు చింపి పేనిన పీలిక. ముడి కుడివైపు, నీళ్ళకి బిగుసుకుపోయి ఉంది. ఒంటికి రాసుకుని రాసుకుని నునుపు తేలిన పీలిక.

నేను పంచె అంచు పైకెత్తి పట్టుకున్నాను.

“ఇదేంటో చూడు,” అన్నాను.

వెంకటకృష్ణారావు వంగాడు. “పీలిక.”

“ఎందుకు కట్టుకున్నాడు?”

“గోచీ నిలవడానికి.”

“మొలతాడు ఉన్నవాడికి పీలికతో పనేంటి?”

“పుల్లయ్య మొలతాడు కోసేశాక...”

“కోసేశాక తీరిగ్గా కూర్చుని, శవానికి పీలిక కట్టి, గోచీ సర్ది, పంచె కుచ్చిళ్ళు పోసి నీళ్ళలో తోశాడా? ఏం పుల్లయ్య అయ్యా! పెళ్ళికొడుకుని చేసి పంపించాడు.”

అబ్రహాముకి నవ్వొచ్చింది. సబిన్స్పెక్టరు వైపు చూసి మింగేశాడు.

నేను శవాన్ని పక్కకి ఒత్తిగిలించాను. కోటు కప్పిన చోట తోలు ఇంకా ఊడలేదు. “వెండి మొలతాడు ఏళ్ళ తరబడి ఉన్న నడుముకి చుట్టూ నల్లటి గీత ఉంటుంది. తుంటి ఎముక మీద కాయ కాసి ఉంటుంది. చూడు. గీత ఉందా? లేదు. పీలిక రాపిడి మచ్చ తప్ప ఏమీ లేదు. ఇతని మొలతాడు సోమవారం తెగింది కాదు. తెగి ఏళ్ళయింది.”

“బ్రహ్మచారి అయ్యుండొచ్చుగా?”

“పురిటి స్నానం నాడు కట్టింది మొదలు మగాడి నడుముకి మొలతాడు ఉంటుంది. బ్రహ్మచారికైనా ఉంటుంది. దాన్ని తెంపేది ఒక్కసారే. పెళ్ళాం పోయినప్పుడు. ఇతను భార్య పోయినవాడు. మల్లేశ్వరరావు భార్య ఆ గుడారంలో బతికి ఉంది. ఇతను మల్లేశ్వరరావు కాదు.”

“గీత పోవడానికి ఏళ్ళు పడుతుందని ఎలా చెప్పగలరండీ?” అన్నాడు అబ్రహాము. ఎగతాళికి అడగలేదు. నేర్చుకుందామని అడిగాడు.

వెంకటకృష్ణారావు నా నడుము వైపు చూశాడు. చొక్కా కింద నా పంచె కట్టు వైపు. చూసి, కళ్ళు దించుకున్నాడు.

“అబ్రహామూ, నోరు ముయ్,” అన్నాడు.

నేను లేచి చేతులు కడుక్కుని నడిమి గుడారంలోకి వెళ్ళాను. ఇలాంటి మాట మెల్లగా చెప్పడం నాకు రాదు.

“అమ్మా, ఆ మనిషి నీ భర్త కాదు.”

సుందరి నా మొహంలోకి చూసింది. “నిజంగా?”

“ఎలాగని మాత్రం అడక్కు. కాదు.”

ఆమె ముందు తన గాజులు చూసుకుంది. ఒకటి, రెండు అని లెక్క పెట్టుకున్నట్టు వేలితో జరిపింది. తర్వాత రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. వెంకటరావమ్మ మాత్రం పోయిన గొంతుతోనే నా మీద విరుచుకుపడింది.

“ఈ ముక్క పొద్దున్నే వచ్చి చెప్పలేకపోయావా నాయనా! నా ప్రాణం సగం పోయింది. కోటీ, విన్నావట్రా? మన అబ్బాయి కాదట!”

కోటిలింగం గుమ్మంలోనే ఉన్నాడు. “అదెలా కుదురుతుంది? ఆ కోటు...” అని ఆగిపోయాడు. పెదవులు తడుపుకున్నాడు. “దేవుడు దయ చూశాడు. చితికి పుల్లలు కొట్టిస్తున్నాను, ఆపమని చెప్పొస్తాను.” గబగబా వెళ్ళిపోయాడు. పుల్లలు ఆపమనడం సబబే కాబట్టి నేను పోనిచ్చాను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు మిగిలాయి. మల్లేశ్వరరావు ఎక్కడ? ఈ చచ్చినవాడెవడు? రెండోదానికి జవాబు పుల్లయ్య దగ్గర ఉందనుకున్నాను. మూడు గుడారాల్లో ఏం జరుగుతుందో గట్టు మీద కూర్చునేవాడికి తెలిసినట్టు లోపలున్నవాళ్ళకి తెలియదు.

పుల్లయ్యని బండి చక్రానికి కట్టేశారు. పెదవి చిట్లింది.

“నాకేం తెల్దు బాబూ. ఎండి లేదు, బంగారం లేదు. ఎన్నిసార్లు సెప్పాలి?”

“వెండి సంగతి నేను అడగను. ఉన్ని కోటు ఒకటుంది, బూడిద రంగుది. అది ఎవరి ఒంటి మీద చూశావు?”

పుల్లయ్య నన్ను అనుమానంగా చూశాడు. “మల్లేసర్రావు బాబుది.”

“ఆఖరుసారి ఎవరి ఒంటి మీద చూశావు?”

“గుమస్తా గారి ఒంటి మీదండీ. ఆదివారం పొద్దు గూకేయేళ సలికి వణికిపోతన్నాడు. బాబే తన కోటు ఇప్పి ఇచ్చాడు. ‘నువ్వు ఏసుకో, నాకు కంబళుంది’ అన్నాడు. ఆయన వద్దు వద్దంటానే ఏసుకున్నాడు.”

వెంకటకృష్ణారావు నా వెనకే నిలబడి విన్నాడు. “ఈ మాట నాకెందుకు చెప్పలేదురా?”

“తమరు కోటు సంగతి అడగలేదు గదండీ. ఎండేదిరా, ఎండేదిరా అనే గదా ఆ తన్నుడు.”

“గుమాస్తా రూపం ఎలా ఉంటుంది?” అన్నాను.

“ఆళ్ళ బందుగుడేనండీ. బాబు కన్నా పదేళ్ళు పెద్దోడేమో. ఎత్తూ లావూ అట్టాగే. ఎనక నించి సూత్తే తేడా తెల్దు. పాపం, పెళ్ళాం లేదంట. గుడారం బయట కూకుని ఆయన బట్టలు ఆయనే ఉతుక్కునేవోడు.”

“కట్లు విప్పు,” అన్నాను అబ్రహాముతో. అతను సబిన్స్పెక్టరు వైపు చూశాడు. వెంకటకృష్ణారావు తల ఊపాడు.

ఆదిశేషయ్య పడుకున్నది చివరి గుడారం. సామాన్లు పెట్టుకునేది. లోపల ఎండుగడ్డి పరుపు, బియ్యం మూట, కిరసనాయిలు స్టవ్వు. తాడు మీద ఆరేసిన పంచె ఒకటి. గుడారం వానకి తడవలేదు కానీ ఒక మూల గడ్డి మాత్రం అటూ ఇటూ చేసినట్టు ఎత్తుగా ఉంది. చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. మరచెంబు.

ఇత్తడిది, మూత బిగించి ఉంది. ఊపితే నీళ్ళ చప్పుడు వినిపించింది. మూత విప్పాను. నిండా నీళ్ళు. పైన తులసి దళం. కార్తీక సోమవారం స్నానం చేసి, నీళ్ళు పట్టుకుని, ప్రయాణానికి సిద్ధం చేసుకున్న చెంబు.

“మరచెంబు చేతికిచ్చి బండెక్కించానన్నాడు కోటిలింగం,” అన్నాను. “నేను అడక్కుండానే చెప్పాడు. మనిషి వెళ్ళాడని నమ్మించడానికి చెంబుని కూడా పంపించాడు. చెంబు ఇక్కడే ఉంది.”

వెంకటకృష్ణారావు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తన అరచేతిని తల వెనక పెట్టుకుని కొలిచాడు.

“గెడ గుండ్రంగా ఉంటుంది,” అన్నాడు. “ఆ దెబ్బ గుండ్రం కాదు. పలక దెబ్బ. అంచు తేలి ఉంది. నాకు పొద్దుటి నుంచీ అదే తేడాగా అనిపిస్తూనే ఉంది. తుపాకీ మడమ బావా!”

అది నాకు తట్టలేదు. అతనికి తట్టింది. ఉన్నమాట చెప్పాలి.

“ఆదిశేషయ్యని చంపి, శవం తేలాక మల్లేశ్వరరావు అని గుర్తుపట్టాడు,” అన్నాను. “శవం ఆదిశేషయ్యదంటే ఎందుకు చంపారని ఆరా మొదలవుతుంది. మల్లేశ్వరరావుదంటే నేరం మోయడానికి పుల్లయ్య సిద్ధంగా ఉన్నాడు. మల్లేశ్వరరావు గాలికి మునిగిపోయాడనే అతని నమ్మకం. ఆదిశేషయ్య కోసం ఎవరూ అడగరనీ తెలుసు. పెళ్ళాం లేనివాడు రెండు రోజులు కనబడకపోతే తంతి కొట్టే దిక్కు ఉండదు.”

వెంకటకృష్ణారావు నా మొహం వైపు చూడకుండా చెంబు కింద పెట్టాడు. అప్పుడే నీళ్ళ వైపు నుంచి ఆడగొంతు ఒకటి గట్టు అదిరేలా వినిపించింది.

“ఓ గుడారాలోళ్ళూ! ఈ బాబు మీవోడేనా? దింపుకోండి! నావల్ల కాదు!”

అందరం పరుగెత్తాం. కిక్కిస పాయలోంచి పెద్ద దోనె ఒకటి వస్తోంది. కొంగు నడుముకి బిగించిన ఒక లావుపాటి ఆవిడ గెడ వేస్తోంది. దోనెలో చేపల బుట్టకి ఆనుకుని, గోనెసంచి కప్పుకుని, కాలికి గుడ్డ చుట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. దోనె వెనక పుల్లయ్య తాటిదోనె తాడుకి కట్టి ఉంది.

“నా దోనె!” అన్నాడు పుల్లయ్య.

“ఆయన!” అంది సుందరి. చీర కుచ్చిళ్ళు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయింది.

“గాలికి కొట్టుకొచ్చి కొల్లేటికోట లంక కాడ మా వల్లో పడ్డాడు,” అంది గెడ వేసే ఆవిడ. ఆమె పేరు బుల్లెమ్మ అని తర్వాత తెలిసింది. “కాలు బెణికింది. పంపుదావంటే గాలికి దోనె దిగనిత్తేనా? రెండ్రోజులు మా ఇంట్లో ఒకటే గోల. కాఫీ ఉందా, కాఫీ ఉందా అని. సేపల పులుసు పెడితే మొకం అటు తిప్పేడు. మజ్జిగన్నంతో సాకేను. ఇదుగో తల్లీ, నీ సరుకు నువ్వు సూసుకో.”

మల్లేశ్వరరావు సిగ్గుపడుతూ నవ్వాడు. గోనెసంచి జారితే నడుము దగ్గర వెండి మెరిసింది. వెంకటరావమ్మ గట్టు మీద కూలబడి, కొడుకుని నోరారా తిట్టడం మొదలెట్టింది. ఆమెకి గొంతు తిరిగొచ్చింది. సుందరి అతని చెయ్యి పట్టుకుని నలుగురూ చూస్తున్నా వదల్లేదు. అబ్రహాము టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. నా మీద నుంచి కూడా ఏదో బరువు దిగింది. ఒకరి ఇంట్లో చావు వచ్చినట్టే వచ్చి వెనక్కి వెళ్ళడం నా జన్మలో నేను చూసింది అదొక్కసారే.

మల్లేశ్వరరావుకి ఆదిశేషయ్య సంగతి చెప్పవలసి వచ్చింది. నవ్వు ఆరిపోయింది.

“ఆదిశేషయ్యా? వాణ్ణి చంపి ఎవరికేం వస్తుందండీ? నోరు లేని మనిషి.”

“ఆదివారం నీతో ఏమన్నా చెప్పాడా?”

“కోటు ఇచ్చినప్పుడు అన్నాడు. మనకొచ్చే కంట్రోలు నూలు మగ్గాలకి చేరడం లేదు, దారిలోనే ఎటో పోతోంది, ఎవరి పనో నాకు తెలిసిందని. వనభోజనానికొచ్చి షాపు గోలేంటి, రేపు చెప్పు అన్నాను.” అతను ఆగాడు. “షాపుకి నూలు తెచ్చేది కోటన్నయ్యే. అప్పుడు పక్కనే ఉన్నాడు. తుపాకీ తుడుచుకుంటున్నాడు.”

వెంకటకృష్ణారావు అప్పటికే వెనక్కి తిరిగాడు. “అబ్రహామూ! ఆ కోటిలింగం ఎక్కడ?”

“పుల్లలు ఆపుతానని గట్టు దిగారండీ.”

“ఎంతసేపయింది?”

“శవం ఆయనది కాదని తెలిసిన కాడ్నించీనండీ.”

గుడారంలో చూశాం. తుపాకీ సంచి ఉంది, తుపాకీ లేదు. పుల్లలు కొట్టేవాళ్ళ దగ్గరికి కోటిలింగం వెళ్ళనే లేదు. వాళ్ళు ఇంకా కొడుతూనే ఉన్నారు. గట్టు కింద కట్టేసి ఉన్న చేపలవాళ్ళ దోనె ఒకటి మాయమైంది. బురదలో కాలి జోళ్ళ గుర్తులు నీళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయాయి.

“రోడ్డు మీదికి పోకుండా నీళ్ళలోకి ఎందుకు దిగాడు?” అన్నాడు వెంకటకృష్ణారావు.

“శవం మల్లేశ్వరరావుది కాదంటే మల్లేశ్వరరావు బతికి ఉండొచ్చు. అతను బతికుంటే నూలు సంగతి చెప్తాడు. మనకన్నా ముందు అతన్ని చేరుకుని నోరు మూయిద్దామని కోటిలింగం దిగాడు. బుల్లెమ్మ ఇంకో పాయలో వచ్చింది కాబట్టి సరిపోయింది.”

పుల్లయ్య తన దోనె తాడు విప్పుకుంటున్నాడు. సబిన్స్పెక్టరు అతని దగ్గరికి వెళ్ళాడు. క్షమించమని అడగలేదు. ఆ శాఖలో ఎవరూ అడగరు. “దారి చూపిస్తావా?” అన్నాడు.

“సూపిత్తానండీ. నా పెదివి పగిలింది ఆడి మూలానే గదా. కానీ తాటిదోనెలో ముగ్గురు పట్టరు. బుల్లెమ్మ పిన్ని దోనె తీసుకుందాం.”

“ముంచావంటే సూడు,” అంది బుల్లెమ్మ గెడ అందిస్తూ.

వెంకటకృష్ణారావు ముందు కూర్చున్నాడు, పిస్తోలు మోకాళ్ళ మీద పెట్టుకుని. నేను మధ్యలో. పుల్లయ్య వెనక నిలబడి గెడ వేశాడు. గట్టు మీద ఎవరో కాఫీకి పొయ్యి రాజేశారు. ఆ పొగ కొంత దూరం మా వెంట వచ్చింది. ఆ తర్వాత కిక్కిస రెండు పక్కలా మనిషి ఎత్తున లేచింది. నీళ్ళ చప్పుడు తప్ప మరేం లేదు.

“బావా,” అన్నాడు అతను వెనక్కి తిరక్కుండా. “ఆ పీలిక... నువ్వూ...”

“ముందు చూడు.”

“ఆ రోజు పాలేరు వచ్చినప్పుడు సన్నిపాతమన్నా అంత ముదిరిందనుకోలేదు. ఒక్కరోజులో తిరిగొస్తావు కదా అనుకున్నాను. నాకూ అక్కే కదా బావా. నేనూ చూడలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నువ్వు నన్ను...”

ముందు గడ్డిలో ఒక కొంగల గుంపు ఒక్కసారిగా లేచింది. అవి మమ్మల్ని చూసి లేచినవి కావు. మేం ఇంకా అంత దగ్గరికి చేరలేదు.

అతను నాకన్నా ముందు చూశాడు. వెనక్కి వాలి తన వీపుతో నన్ను దోనెలోకి అదిమేశాడు. తుపాకీ పేలింది. సీసపు చెర్రా రవ్వలు కిక్కిసని కోసుకుంటూ పోయాయి. పుల్లయ్య నీళ్ళలోకి దూకి దోనె అంచు పట్టుకున్నాడు. వెంకటకృష్ణారావు ఎడమ భుజం మీద ఖాకీ చొక్కా ఎర్రబడింది.

నా కండువా అతని భుజానికి బిగించి కట్టాను. రవ్వలు లోతుగా దిగలేదు. పిస్తోలు అతని చేతిలోంచి నేను తీసుకున్నాను. గడ్డిలో నీళ్ళు గలగలమన్నాయి. అది రెండు గొట్టాల తుపాకీ. ఒకటే పేలింది.

“బతుకుతావు,” అన్నాను.

“అయితే విను బావా, ఆ రోజు...”

“ఆ రోజు సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు. నేనూ ఎత్తను. పుల్లయ్యా, దోనె తొయ్యి.”

వెంకటకృష్ణారావు నా ప్రాణం కాపాడాడు. దాన్ని ఈ కేసులో రాశాను. సుబ్బరత్నం సంగతి ఇందులో మొదట రాశాను, మళ్ళీ ఎక్కడా రాయను. ఎవరడిగినా చెప్పను.